ఒక్కసారే లాగాల్సిన తాళం

మా అమ్మాయిని ఇంట్లో అందరం ప్లీడరమ్మ అంటాం. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ వాదించడమే దాని పని. పాలు తాగమంటే ఎందుకు తాగాలో చెప్పమనేది. చెబితే, నిన్న చెప్పిన కారణానికీ ఇవాళ చెప్పిన కారణానికీ పొంతన లేదని పట్టుకునేది. అలాంటి పిల్ల లా ఎంట్రన్సు రాస్తానంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేను మాత్రం భయపడ్డాను. నాకు భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఆయన ఫోను మోగిందంటే ఏ అంతస్తు నుంచి పడ్డారో అనుకుంటూనే ఎత్తుతాను. "ఉప్పు తేవాలా?" అని అడుగుతారాయన.

మార్కులు వచ్చిన సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి అది వంటగదిలో నిలబడి గ్లాసు కడుగుతోంది. కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది. ఫోను బల్లమీద బోర్లా పడుంది.

"వచ్చాయా?" అన్నాను.

"వచ్చాయి."

"ఎలా వచ్చాయే?"

"ఏ కాలేజీలోనూ సీటు రాదమ్మా" అని గ్లాసు బోర్లించి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఏడ్చి ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది. అది ఏడవలేదు. నా బుర్ర ఎక్కడెక్కడికో పోయింది. చెప్పకూడని చోట్లకి కూడా పోయింది. అది స్నానానికి వెళ్ళగానే స్క్రూడ్రైవరు తెచ్చి దాని గది లోపలి గడియ ఊడదీసి పంచదార డబ్బాలో దాచాను. తర్వాత పక్కింటి వదిన దగ్గరికి పరిగెత్తాను. "మా పిల్లని మార్కుల సంగతి అడక్కండి వదినా, దాని మనసు బాగోలేదు. ఎవరైనా అడిగేలా ఉంటే మీరే కాస్త ఆపండి" అని చేతులు పట్టుకున్నాను. వదిన మాటిస్తే తప్పే మనిషి కాదు.

ఆ తర్వాత మా చెల్లెలికి ఫోను చేశాను. అది ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. అక్కడ ముందు బల్ల దగ్గర కూర్చుని పేషెంట్ల పేర్లు రాసుకోవడానికి ఒక మనిషి కావాలని ఎప్పటినుంచో అంటోంది. రోజంతా పని, నీడపట్టున ఉద్యోగం, సొంత పిన్ని కళ్ళముందు. ఇంకేం కావాలి అనిపించింది నాకు. భోజనాల దగ్గర సంగతి ఎత్తాను.

"సరే" అంది ప్లీడరమ్మ.

ఎందుకని అడగలేదు. ఎంతకాలమని అడగలేదు. నన్నడక్కుండా పిన్నితో ఎలా మాట్లాడావు అని కూడా అనలేదు. తలవంచుకుని తిని, లేచి, పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్ది బీరువా మీదికి ఎక్కించింది. మా ఆయన నావంక చూశారు. నేను ఆయనవంక చూశాను. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల వాదించకుండా ఒప్పుకున్న మొదటి మాట అది. నేను కోరుకున్నదే జరిగింది, కానీ జరిగిన తీరు చూస్తే నేను భయపడిన వాటన్నిటికంటే అదే ఘోరంగా ఉంది.

మర్నాడు పొద్దున్న రొట్టె తెమ్మని పంపించాను. తిరిగొచ్చేసరికి దాని మొహం ఎర్రగా ఉంది. రొట్టె బల్లమీద పడేసి, "అమ్మా, కూర్చో" అంది.

"టీ మరుగుతోందే."

"స్టవ్ ఆపి కూర్చో."

కూర్చున్నాను.

"రొట్టెల షాపాయన నన్ను చూడగానే ఏమన్నాడో తెలుసా? 'నేనేం అడగను తల్లీ' అన్నాడు. నేనింకా రొట్టె కూడా అడగలేదు."

"పాపం, మంచివాడు."

"పేపర్లాయన సైకిలు దిగొచ్చి మరీ తల నిమిరి వెళ్ళాడు. మందుల షాపావిడ ఊరికే చాక్లెట్ చేతిలో పెట్టింది. ఎందుకండీ అంటే, అడగొద్దన్నారమ్మా అంది. ఎవరన్నారండీ అంటే, అది కూడా చెప్పొద్దన్నారు అంది. ఎవరెవరికి చెప్పావమ్మా?"

"నేనెవరికీ చెప్పలేదు. అడగొద్దని మాత్రమే చెప్పాను. అదీ ఒక్క వదినకే."

"ఏం అడగొద్దని?"

"నీ మార్కులు."

"ఎందుకు అడగొద్దు?"

నేను రొట్టెవంక చూస్తూ కూర్చున్నాను.

"బాగా వచ్చుంటే అడగొద్దని చెబుతావా? అంటే వీధి వీధంతా చెప్పినట్టే కదా! సరే, అది అలా ఉంచు. నా గది గడియ ఏమైంది?"

"తుప్పు పట్టిందని తీశాను."

"చూపించు."

పంచదార డబ్బాలో చెయ్యిపెట్టి తీసిచ్చాను. అద్దంలా మెరుస్తోంది. పైన నాలుగు పంచదార పలుకులు కూడా అంటుకుని ఉన్నాయి. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నేనెందుకు తీశానో దానికి అప్పుడు అర్థమైంది. గడియ కింద పెట్టి వచ్చి నా మెడచుట్టూ చేతులు వేసింది.

"పిచ్చి అమ్మా. నేనేం చేసుకోను. ఏడుస్తాను, తింటాను, పడుకుంటాను. అంతే."

"ఒట్టు?"

"నీమీద ఒట్టు."

"నామీద కాదు, నీమీద వెయ్యి." అని, ఇంక ఆగలేక అడిగేశాను. "నన్నింతలా నిలదీసినదానివి రాత్రి ఉద్యోగం మాటెత్తితే నోరెందుకు విప్పలేదే?"

అప్పుడు ఏడ్చింది. నా భుజం తడిసేదాకా ఏడ్చింది. ప్రాణం లేచొచ్చింది నాకు.

ముక్కు చీదుకుని ఫోను తీసి చూపించింది. పరీక్ష కంప్యూటరు మీద రాస్తారట. భాగాలు భాగాలుగా ఉంటుందట. మొదటి భాగాల్లో దాదాపు అన్నీ ఒప్పే. చివరి భాగం ఖాళీ.

"ఇదేంటే, ముట్టుకోనేలేదు?"

"టైమైపోయింది. జవాబు నొక్కాక సరిగ్గా నొక్కానా లేదా అని వెనక్కెళ్ళి చూశాను. ముందుకొచ్చాక మళ్ళీ అనుమానం. మళ్ళీ వెళ్ళి..." అంటూ చెయ్యి గాల్లో పెట్టి చూపించింది. పిడికిలి బిగించి, కిందికి ఒక్క లాగు, వదిలి, మళ్ళీ ఒక్క లాగు.

గడ్డం గీసుకుంటున్న మా ఆయన సగం నురగతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "తాళం! అది మీ అమ్మ తాళమే!" అని పకపకా నవ్వారు.

నిజమే. ఇంటికి తాళం వేశాక లాగి చూస్తాను. మెట్లు దిగాక వెనక్కెళ్ళి మళ్ళీ లాగుతాను. వీధి చివరికి వెళ్ళాక, "పరిగెత్తి ఒక్కసారి లాగిరావే తల్లీ" అని దాన్ని పంపించేదాన్ని. చిన్నప్పట్నుంచీ దాని చేతికి అదే అలవాటైపోయినట్టుంది.

నా మొహం చూసి అది వెంటనే, "నిన్నేం అనడం లేదమ్మా. ఒక్క సంగతి చెప్పు. ఫ్యాక్టరీలో కూడా ఇలాగే చేస్తావా?" అంది.

నేను చొక్కాల ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర పనిచేస్తాను. కుట్టడం అయిపోయిన చొక్కాలు నా ముందుకొస్తాయి. కాలరు తిప్పి, గుండీ లాగి, కఫ్ చూసి, వేలాడే దారాలు కత్తిరించి అవతల బుట్టలో పడేస్తాను.

"అక్కడ ఒక్కసారే చూస్తాను. మళ్ళీ మళ్ళీ చూస్తూ కూర్చుంటే చొక్కాలు మీద పడిపోవూ?"

"మరి ఇంట్లో ఎందుకలా?"

"అక్కడ తప్పు జరిగితే చొక్కా వెనక్కొస్తుంది. ఇక్కడ జరిగితే... ఇక్కడ ఉన్నది మీరు కదే."

మా ఆయన నురగ తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

"సరే, ఒప్పందం చేసుకుందాం" అంది ప్లీడరమ్మ. అట్టపెట్టె బీరువా మీంచి దింపింది. "పరీక్ష మళ్ళీ ఉంటుంది. నేను మళ్ళీ రాస్తాను. నువ్వు తాళం ఒక్కసారి లాగు. నేను జవాబు ఒక్కసారి చూస్తాను. నువ్వు తప్పితే నేనూ తప్పుతాను, అప్పుడు నీ ఇష్టం."

ఆ సాయంత్రమే చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, నీ కూతురు ఉద్యోగంలో చేరకముందే రూల్సు మార్చేసిందే! పొద్దుట పూటే వస్తుందట, మధ్యాహ్నం నుంచి చదువుకుంటుందట. డాక్టరుగారు కాదంటే, ఆయనతోనే గంటసేపు మాట్లాడి ఒప్పించింది. ఆయన నోట్లోనే ఎవరైనా పనిముట్టు పెట్టినా అంత హడలిపోరు!" ఫోను పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను.

ఒప్పందం చేసుకున్నంత తేలిక కాదు నిలబెట్టుకోవడం. తాళం ఒక్కసారి లాగి మెట్లు దిగేదాన్ని. కింద కాళ్ళు ఆగిపోయేవి, ఎవరో కొంగు పట్టుకున్నట్టు. ఒకసారి గొడుగు మర్చిపోయానని వెనక్కి తిరిగాను.

"ఎండలో గొడుగెందుకమ్మా?"

"ఎండకే."

"తాళం!" అని అరిచేది. నోరు మూసుకుని నడిచేదాన్ని.

అది బల్ల దగ్గర గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు చేసేటప్పుడు నేను ఎదురుగా కూర్చుని దారాలు చుట్టుకునేదాన్ని. అందులో ఒక్క ముక్క నాకు అర్థం కాదు, కానీ దాని చెయ్యి వెనక్కి పోయిందంటే ఇట్టే తెలిసిపోయేది. "తాళం!" అనేదాన్ని. ఒక వారం మార్కులు మొదటికంటే తక్కువొచ్చాయి. పెన్ను విసిరేసి, ఇంక రాయనంది. తొందర తొందరగా చేస్తే తప్పులు దొర్లుతున్నాయట. నేను పెన్ను తీసి పక్కన పెట్టి, నూనె రాసి తల దువ్వాను. జడ పూర్తయ్యేసరికి, "ఆ మూడో ప్రశ్న అసలు ప్రశ్నే తప్పమ్మా" అని మళ్ళీ మొదలుపెట్టింది.

పరీక్షకి ముందురోజు వదిన దగ్గరికి వెళ్ళాను. "రేపు ఏం జరిగినా మాకు ఫోను చెయ్యకండి వదినా. ఇల్లు తగలబడినా సరే, పిల్ల మనసు చెదరకూడదు" అన్నాను. వదిన గట్టిగా తలూపింది.

పరీక్ష పొద్దున దాని చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. మా ఆయన పనికి వెళ్ళిపోయారు. ఇద్దరం బయటికొచ్చాం. తాళం వేశాను. ఒక్కసారి లాగాను. గట్టిగా ఉంది. మెట్లు దిగాను, వెనక్కి చూడలేదు. బస్సెక్కి కూర్చుని, బస్సు కదిలాక, అనుమానం పట్టుకుంది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానా?

చొక్కా మడత గుర్తొచ్చింది. దాని మొహం గుర్తొచ్చింది. ప్లగ్గు మాత్రం గుర్తుకు రాలేదు. నోరు తెరిచాను. అది కిటికీ పక్కన హాల్ టికెట్ పట్టుకుని పెదాలు కదుపుకుంటోంది. ఇప్పుడీ మాట అన్నానంటే అది లోపల కూర్చుని ప్రశ్నల బదులు ప్లగ్గునే చూస్తుంది.

"కాలరు బాగా నిలబడిందే" అన్నాను.

పరీక్ష జరిగే భవనం బయట బెంచీ మీద కూర్చున్నాను. ముందు కర్టెన్ అంటుకుంది. తర్వాత బీరువా. తర్వాత వదిన వాళ్ళ గోడ. ఫైరింజను మా సందులో పట్టదు. మా ఇల్లు నా కళ్ళముందే కాలి బూడిదైపోయింది. నేను బెంచీ మీంచి లేవలేదు.

పిల్లలు బయటికొచ్చారు. అందరికంటే వెనక అది వచ్చింది.

"చివరి ప్రశ్న దాకా వెళ్ళానమ్మా."

"వెనక్కి?"

"ఒకచోట చెయ్యి పోయింది. నువ్వు మెట్ల కింద గొడుగు కోసం నిలబడ్డట్టు కనిపించావు. నవ్వొచ్చి ముందుకెళ్ళిపోయాను." నా మొహం చూసి ఆగింది. "ఏమైంది?"

"ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానో లేదో గుర్తులేదే."

"ఎప్పట్నుంచి?"

"బస్సెక్కినప్పట్నుంచి."

నడిరోడ్డు మీద నన్ను పట్టుకుని బుగ్గమీద గట్టిగా ముద్దు పెట్టింది. ఆ వెంటనే, "పరిగెత్తు!" అంది.

మెట్లెక్కేసరికి మా గుమ్మం ముందు కుర్చీ వేసుకుని వదిన స్వెట్టరు అల్లుకుంటోంది. వెనకాల మా తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం మాత్రం భద్రంగానే ఉంది, ఉత్త కొక్కేనికి వేలాడుతూ. గొళ్ళెం పెట్టకుండా కొక్కేనికే తాళం వేసి, ఎంత గట్టిగా పడిందో అని లాగి చూసుకుని వెళ్ళాను నేను.

"మీరలా వెళ్ళగానే గాలికి తెరుచుకుంది. ఏం జరిగినా ఫోను చెయ్యొద్దన్నావుగా, అందుకే కాపలా కూర్చున్నా. కాస్త టీపొడి మాత్రం తీసుకున్నా."

"ఇస్త్రీపెట్టె?" అన్నాను.

"చల్లగా ఉంది. ప్లగ్గు తీసే ఉంది."

ప్లీడరమ్మ మెట్ల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "ఒప్పందం రద్దు. రేపట్నుంచి మూడుసార్లు లాగుతాను" అన్నాను.

"రెండు" అంది అది, కళ్ళు తుడుచుకుంటూ. "రెండు దాకా ఒప్పుకుంటా. అంతకు మించి కుదరదు." రెండింటికి ఖాయం చేసుకున్నాం. వదినే సాక్షి.

మార్కులు వచ్చిన రోజు ఫోను తెరిచి ఒక్కసారి చదివింది. ఈసారి బోర్లా పెట్టలేదు. "నేను కలగన్న పెద్ద కాలేజీలో సీటు రాదమ్మా. ఏటి అవతల ఉన్న కాలేజీలో మాత్రం తప్పకుండా వస్తుంది. అక్కడా మంచి లాయర్లే తయారవుతారు."

"మళ్ళీ ఒకసారి చూడవే."

"నాకు ఒక్కసారి చాలు" అని, కాలేజీలో చేరాక సాయంత్రం పూట పని ఇమ్మని పిన్నితో వాదించడానికి బయటికి వెళ్ళింది.

నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఒప్పందం ప్రకారం రెండోసారి కూడా చూశాను. అవే మార్కులు. నవ్వుకుంటూ ఫోను పెట్టేసి టీ పెట్టాను. ఆ కాలేజీకి వెళ్ళాలంటే రోజూ వంతెన దాటాలి. ఆ వంతెన ఎప్పుడు కట్టారో, ఏపాటి గట్టిదో ఆయన రాగానే కనుక్కోవాలి.