ముట్టుకోని అమ్మమ్మ

ఫైనెస్‌కు మళ్ళీ జ్వరం వచ్చింది. ఆపరేషన్ కుట్లు చీము పట్టాయి. నెలలు నిండకుండా పుట్టిన కొడుకును ఇన్నాళ్ళూ రొమ్ముల మధ్య చితెంజె గుడ్డతో కట్టుకుని ఆమే మోసింది. ఆ వార్డులో తల్లులందరూ అలాగే మోస్తారు. వెచ్చబెట్టే పెట్టె ఒక్కటే ఉంది. అందులో అప్పటికే ఇద్దరు పసివాళ్ళున్నారు.

నర్సు తియామికే గుడ్డ విప్పి, పిల్లవాణ్ణి ఫైనెస్ తల్లి ఎనెలేసి వైపు చాపింది.

"అమ్మమ్మా, జాకెట్టు విప్పండి. జ్వరం తగ్గేదాకా మీరే మొయ్యాలి."

ఎనెలేసి చేతులు వెనక్కి పెట్టుకుంది. "నా వల్ల కాదమ్మా."

పక్క మంచం మీది లవ్‌నెస్ నవ్వింది. "సిగ్గా పెద్దమ్మా? ఆ ఎండు సొరకాయల్ని ఇక్కడెవరు చూస్తారు? మా వాడైతే ఇంకా కళ్ళే తెరవలేదు."

వార్డంతా నవ్వింది. ఎనెలేసి కూడా నవ్వింది. ఇలాంటప్పుడు తనకు నవ్వు రావడం ఆమెకే వింతగా తోచింది.

"ముగ్గురైతే ఈ పెట్టె చాలదు. తొందరగా తేల్చుకోండి" అని తియామికే పిల్లవాణ్ణి ఆ ఇద్దరి పక్కన ఇరికించి వెళ్ళిపోయింది.

బొడ్డు ఊడని పిల్లను మగవాడితో పడుకునే మనిషి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పిల్ల చిక్కి చనిపోతుందని ఊరి నమ్మకం. అందుకే కాన్పుకు తోడుగా వయసు మళ్ళిన విధవలు వస్తారు. ఎనెలేసి భర్త పోయి నాలుగేళ్ళు. ఊరి దృష్టిలో ఆమె అవన్నీ దాటిన మనిషి. ఎండు చేపలమ్మే గేదియన్ వానాకాలం మొదలు ఆమె ఇంటికి వచ్చిపోతున్నాడని ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో ఆమె మొక్కజొన్న పిండితో సీమా వండింది, గుడ్డలు ఉతికింది. బిడ్డ ఎప్పుడూ తల్లి ఒంటికే కట్టి ఉండడం వల్ల ఆమె వాణ్ణి తాకడం లేదని ఎవరూ గమనించలేదు.

"నాకు తెలుసులే" అంది ఫైనెస్ పడుకునే.

"ఏం తెలుసు?"

"ఎక్కడ పూడ్చాలో చూసుకుంటున్నావు. ఇంతంత పిల్లలు పోతే ముసలమ్మలే తీసుకుపోయి పూడుస్తారుగా, మగవాళ్ళకు కబురైనా చెప్పకుండా. ముట్టుకోకపోతే తర్వాత ఏడవక్కర్లేదని నీ ఆలోచన."

అది నిజం కాదు. కానీ ఆ అబద్ధం సౌకర్యంగా ఉందని ఎనెలేసికి అనిపించింది. ఔనంటే సరిపోతుంది. గుండె రాయి చేసుకున్న ముసలిదంటారు. అందులో తలవంపు లేదు. సంతలో గుడ్డను భుజం మీద వేసి చూసుకున్నట్టు ఆ మాటను కాసేపు తన మీద వేసి చూసుకుంది. పెట్టెలో మనవడి పాదాలు నీలం తిరుగుతున్నాయి.

"నాకు మనిషున్నాడు" అంది.

ఫైనెస్‌కు వెంటనే అర్థం కాలేదు. తర్వాత "ఎవరు?" అని అడిగింది.

"గేదియన్."

"చేపల గేదియనా? ఆ కంపుతోనా?"

"కడుక్కునే వస్తాడు."

లవ్‌నెస్ గోడ వైపు తిరిగింది. నవ్వుతో ఆమె భుజాలు ఊగుతున్నాయి. సాయంత్రానికి ఈ మాట వంటల షెడ్డుకు చేరుతుంది, ఆ తర్వాత ఊరికి. ఎనెలేసికి అనుకున్నంత భయం వేయలేదు. భయమంతా పెట్టె దగ్గరే ఉంది.

ఫైనెస్ పెట్టె వైపు తల తిప్పింది. "వాడి నాన్న ఆదివారం గాని రాడు. ఇంకెవరున్నారు? కూర్చో. జాకెట్టు విప్పు."

"వాడికేమన్నా అయితే?"

"నీ వల్లేనని నేననను."

అనదని ఎనెలేసికి నమ్మకమే. తనే అనుకుంటుంది, బతికినంత కాలం, నర్సులు ఎన్ని చెప్పినా. ఆ సంగతి వేరెవరిదో అన్నంత స్పష్టంగా కనిపించింది. నర్సును కేకేసి, బొత్తాలు విప్పింది.

తియామికే పిల్లవాణ్ణి ఆమె ఎదకు కట్టింది. బరువే లేదు. చర్మం చల్లగా ఉంది. "వీడు ఊపిరి మరిచిపోతుంటాడు. ఆగితే అరికాలు రుద్దండి."

కాసేపటికే ఆగింది. ముందు ఎనెలేసి కదల్లేదు. అనుకున్నదే అయిందన్న ఆలోచన ఆమె చేతుల్ని పట్టేసింది. ఆ తర్వాత బొటనవేలు దానంతట అదే కదిలింది. రుద్దింది. ఇంకా గట్టిగా రుద్దింది. చిన్న కుదుపు, ఊపిరి.

"ఆగిందా?" అంది ఫైనెస్.

"ఆగింది. వచ్చింది."

"వేలు తియ్యకు."

"తియ్యను" అంది ఎనెలేసి.