గొర్రెల కోసం తెరిచిన దారి

రెషాద్ స్టీరింగు ఎవరి చేతికీ ఇవ్వడు. ఉప్పు చల్లడం, టైర్లకు గొలుసులు బిగించడం, బండి కూరుకుపోతే దిగి తవ్వడం నా పని. మంచు తోసే ఆ లారీని నడపడం మాత్రం అతనిదే. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న రోజు కూడా, "నువ్వు ముట్టుకుంటే ఇంజను అలుగుతుందిరా చామిల్," అన్నాడు.

ఆ మధ్యాహ్నం పెష్టెర్ మైదానం మీద గాలి పిచ్చెత్తినట్టు వీస్తోంది. ఆకాశమేదో నేలేదో తెలియడం లేదు. రోడ్డు అంచున పాతిన కర్రల్ని ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోతున్నాం. మేం తోసిన దారి మా వెనకే పూడుకుపోతోంది. చివరికి రేడియోలో మా మేస్త్రీ సెనాద్ అరిచాడు.

"ఇక చాలు, వెనక్కి వచ్చేయండి. మీకోసం ఇంకో బండి పంపే ఓపిక నాకు లేదు."

రెషాద్ బండి తిప్పడానికి చోటు చూస్తుండగా, ఎదురుగా రోడ్డు మీద బూడిదరంగు దిబ్బ ఒకటి కనిపించింది. గబుక్కున బ్రేకు తొక్కాడు. దిబ్బ కదిలింది. గొర్రెలు! ఒకదాన్నొకటి ఒరుసుకుని, తలలు కిందికి దించుకుని నిలబడ్డాయి. వాటి మధ్యలోంచి కర్ర పట్టుకుని ఒక ముసలావిడ లేచింది. పైఊళ్లో ఒంటరిగా ఉండే జుమ్రా. గాలికి ఆవిడ కొట్టం కప్పు ఎగిరిపోయిందట. మందను దుబ్నిత్సలోని మరిది ఇంటికి తోలుకుపోతూ ఇక్కడ ఆగిపోయింది.

"అత్తా, బండెక్కు! చచ్చిపోతావు," అన్నాడు రెషాద్.

"మరి ఇవి?"

"గొర్రెల్ని ఎక్కడ పెట్టుకోను? నా నెత్తినా?"

"నీ నెత్తిన చోటు బాగానే ఉంది, ఒక్క వెంట్రుక కూడా లేదు. నిన్నెవడు ఎక్కించుకోమన్నాడు? నీ దారిన నువ్వు పో."

రెషాద్ నా వైపు చూశాడు. దుబ్నిత్స కొండ మలుపుకు అవతల ఉంది. అటు పోతే ఈ రోజుకు ఊరు చేరలేం.

"సెనాద్ చంపేస్తాడు అన్నా," అన్నాను.

"ముందు ఈవిడ చావకుండా చూద్దాం. వాడి సంగతి తర్వాత."

జుమ్రా మందను ఒక పక్కకు ఒత్తింది. మేం ముందుకు పోయి మంచు తోసుకుంటూ కదిలాం. రెండు పక్కలా మంచు గోడలు, మధ్యలో దారి. ఆవిడ పిలుచుకుంటూ నడిస్తే గొర్రెలు వెంట వచ్చాయి. మలుపు దగ్గర అద్దంలోకి చూస్తే గొర్రెలే ఉన్నాయి, ఆవిడ లేదు.

పరిగెత్తాం. మోకాళ్ల మీద కూలబడి ఉంది. మంద చుట్టూ మూగింది. ఇద్దరం మోసుకొచ్చి క్యాబిన్‌లో కూర్చోబెట్టాం. బూట్ల నిండా మంచే. ఇక గొర్రెలు కదిలితే ఒట్టు. రెషాద్ అరిచాడు, ఈలవేశాడు, బతిమాలాడు. ఒక్కటీ తలెత్తలేదు.

"అవి నా మాట తప్ప వినవురా," అంది జుమ్రా, దిగబోతూ.

రెషాద్ ఆవిడ భుజం పట్టి ఆపాడు. "నీ తోలు కోటు ఇటివ్వు. ఆ తలగుడ్డ కూడా."

తన కోటు తీసి ఆవిడకు కప్పాడు. ఆవిడ కోటు చేతులు అతనికి మోచేతుల దాకానే వచ్చాయి. పూలపూల తలగుడ్డను గడ్డం కింద ముడివేసుకున్నాడు. నవ్వాపుకోలేక నేను మొహం తిప్పుకున్నాను.

"పళ్లు బయటపెట్టింది చాలు. నువ్వు నడుపు," అన్నాడు.

సరిగ్గా విన్నానా అనిపించింది. "ఇంజను అలుగుతుందేమో అన్నా..."

"అలిగితే నేను బుజ్జగిస్తాలే. రెండో గేరు దాటావంటే కాళ్లు విరగ్గొడతా."

వెనక అతని పిలుపు మొదలైంది. జుమ్రా కిటికీ దించి తల బయటపెట్టింది. "అదేం గొంతురా, దున్నపోతులా! సన్నగా పిలువు, సన్నగా!"

రెషాద్ గొంతు సన్నం చేశాడు. ముందుండే ముసలి గొర్రె దగ్గరికొచ్చి కోటు వాసన చూసింది. ఒక అడుగు వేసింది. దాని వెనక మంద మొత్తం కదిలింది.

రేడియో మళ్లీ అరిచింది. "ఎక్కడ చచ్చార్రా ఇద్దరూ?"

నేను నోరు తెరిచేలోగా జుమ్రా అందుకుంది. "నువ్వు హైరియా కొడుకువి కదూ? మీ అమ్మ నీకు ఇలాగేనా మాట్లాడటం నేర్పింది? పిల్లలు పనిలో ఉన్నారు, విసిగించకు."

రేడియో గరగరలాడింది. "సరే అత్తా. చేరాక ఒక్క మాట చెప్పించు," అన్నాడు సెనాద్.

రెండో గేరు దాటకుండా పోనిచ్చాను. కర్రలు కనబడనిచోట ఆవిడే చెప్పింది, ఎడమకు కొట్టు, ఇక్కడ వాగుంది అని. అద్దంలో చూస్తే, నడవలేని గొర్రెనొకదాన్ని రెషాద్ మెడ మీద వేసుకుని వస్తున్నాడు. జుమ్రా అతన్నే చాలాసేపు చూసింది.

"వాడికి అమ్మ లేదు కదూ?"

"చిన్నప్పుడే పోయింది అత్తా."

"ఇంకా నెమ్మదిగా పోనీ నాయనా. అలసిపోయాడు."

చీకటి పడేముందు దుబ్నిత్స చేరాం. మరిది షబాన్, ఊళ్లో మగాళ్లూ పారలు పట్టుకుని ఎదురొచ్చారు. గొర్రెలన్నీ కొట్టంలోకి పోయాక రెషాద్ గుమ్మంలోనే కూలబడ్డాడు. కనురెప్పల మీద మంచు గడ్డకట్టి ఉంది. తలగుడ్డ ముడి ఊడదీయడానికి వేళ్లు వంగలేదు. షబాన్ నవ్వబోతే జుమ్రా ఒక్క చూపు చూసింది. అతను నోరు మూసుకుని పొయ్యిలో ఇంకో రెండు కట్టెలు వేశాడు.

రెండు గొర్రెలు తగ్గాయి. మర్నాడు గాలి తగ్గాక మలుపు దగ్గర తవ్వాం. ఒకటి మంచు కింద తన ఊపిరికి కరిగిన గూట్లో ముడుచుకుని బతికే ఉంది. రెండోది బతకలేదు. ఈనడానికి దగ్గరగా ఉన్న గొర్రె అది. జుమ్రా దాని పక్కన కూర్చుని ఏడ్చింది. రెషాద్ పార పక్కన పెట్టి, ఆవిడ లేచేదాకా పక్కనే కూర్చున్నాడు.

మేం బయల్దేరే ముందు కైమక్ మీగడ పూసిన వేడి రొట్టెలు మూటకట్టి నా ఒళ్లో పెట్టింది. తర్వాత చిన్న గిన్నెలో గొర్రె కొవ్వు కరిగించి తెచ్చింది. చలికి పగిలిన రెషాద్ చెవులకు వేలితో మెల్లగా రాసింది. మంటెత్తుతుంటే పళ్లు బిగబట్టాడు. తల వంచుకుని, రాసినంతసేపూ అలాగే కూర్చున్నాడు.