దానయ్య వేలికి వినిపించని మాట

నేను ఒక గాలాన్ని. దారమూ, సీసపు గుండూ, ముల్లూ కలిస్తేనే గాలమని దారం వాదిస్తుంది గాని, చేప నోట్లోకి వెళ్లేది నేను, ముల్లుని. కాబట్టి ఆ పేరు నాదేనని నా లెక్క.

నన్ను చేసింది వీరాచారి అనే కమ్మరి. చేపల వాసనంటేనే ముక్కు మూసుకునే మనిషి. జీవహింస మహాపాపమని కొలిమి దగ్గర కూర్చున్న వాళ్లకు చెబుతూనే నా మొన సానబట్టాడు. చేయించుకున్నది ఆసిరయ్య. ఒంట్లో ఓపిక తగ్గాక ఆసిరయ్య నన్ను అల్లుడు దానయ్య చేతిలో పెట్టి, "పడవలో అందరికీ వాటా ఉంటాదిరా. ఇది నీ ఒక్కడిదే" అన్నాడు. మామ కూతుర్ని ఇచ్చినప్పటికంటే నన్ను ఇచ్చినప్పుడే దానయ్య ఎక్కువ సంబరపడ్డాడని అతని భార్య పోలమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

మా పని ఒడ్డు మీద. వానలకు ఏరు పొంగి, సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు ఎర్రబడతాయి. కెరటాలు పడవల్ని దిగనివ్వవు, వలల్ని నిలవనివ్వవు. అప్పుడు దానయ్య మోకాలి లోతులో నిలబడి, సీసపు గుండును తల చుట్టూ తిప్పి విసిరేవాడు. నురుగు దాటి, కెరటం విరిగే చోటుకు అవతల పడేవాళ్లం. పండుగప్ప చేప తిరిగేది అక్కడే.

విసరడం ఎవడైనా నేర్చుకుంటాడు. ఆ తరవాత దారాన్ని చూపుడువేలి కణుపు మీద ఆనించుకుని కదలకుండా నిలబడడం ఉంది చూశారూ, అదీ విద్య. పీత గిల్లుతుంది. జెల్ల చేప గుంజుతుంది. పండుగప్ప మాత్రం పెద్దమనిషి తరహా. ఎర రొయ్యతో పాటు నన్నూ నోట్లోకి మెల్లగా పీల్చుకుని, కాసేపు ఆలోచిస్తుంది. ఇనుము తగిలిందా, ఉమ్మేసి వెళ్లిపోతుంది. ఆ ఆలోచనలో ఉండగానే లాగాలి. వచ్చిందని నేను దారానికి చెబుతాను, దారం వేలికి చెబుతుంది. దానయ్య వేలు మా మాట పూర్తికాకముందే అందుకునేది.

"ఆ యేలికెట్టిన తెలివిలో పిసరంత బుర్రకి కూడా ఎట్టుంటే బాగుండును దేవుడు" అనేది పోలమ్మ, తను ఎత్తలేనంత చేపను బుట్టలోకి దొర్లించుకుంటూ.

ముందు మొద్దుబారింది కాలు. ఒకనాడు దానయ్య ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో అతనికి తెలియలేదు. పోలమ్మ కడుపుబ్బా నవ్వింది. ఊళ్లోకి వచ్చిన డాక్టరు షుగరు అన్నాడు, మాత్రలిచ్చాడు. దానయ్య వాటిని ఒంట్లో బాగున్నంత కాలం మానేసి, బాగులేనప్పుడు రెండేసి మింగేవాడు.

తరవాత వేలి వంతు వచ్చింది. అది చల్లగా వచ్చింది. నొప్పి ఉంటే తెలుసుకునేవాడేమో. ఉన్నదల్లా నొప్పి లేకపోవడమే. దాన్ని జబ్బనుకునే మనిషి ఎవరు?

పండుగప్ప వచ్చింది. నేను చెప్పాను. దారం చెప్పింది. వేలు పలకలేదు. చేప ఉమ్మేసి వెళ్లిపోయింది. మర్నాడు మరొకటి వచ్చింది. అదీ పోయింది. రెండు వానకాలాలు అలాగే పోయాయి. మెత్తబడిన రొయ్యను పైకి లాగి చూసుకుని దానయ్య, "సంద్రం సచ్చిపోనాది" అన్నాడు. తన వేలు చచ్చిందన్న అనుమానం అతనికి రాలేదు. అంతకంటే విచిత్రం, ఊరికీ రాలేదు.

పక్కనే గాలం వేసే తాతారావుకు తాను విసిరినప్పుడు ఏదో తగిలినట్టే ఉండేది. అయినా, "దానయ్య మామకే పడనేదంటే మనకేటి పడతాది? ఆ కొత్త రేవు గోడ కట్టినకాడ నుంచీ ఇంతే" అని దారం చుట్టేసేవాడు. ఒక్కొక్కరే రావడం మానేశారు. రేవు గోడ నోరులేనిది, నిందలన్నీ పడింది.

చివరికి పోలమ్మ తమ్ముడు దక్షిణాన ఎక్కడో రొయ్యల చెరువు కాపలాకి మనుషులు కావాలని కబురు పెట్టాడు. దానయ్యకు అది ఉరితాడు లాంటి మాట. ఆఖరికి, ఈ ఎర్రనీరు తీసేలోగా ఒక్క పండుగప్ప పడితే ఉండిపోవడం, పడకపోతే వెళ్లిపోవడం అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

నీరు తేటపడుతున్న రోజు పోలమ్మ కూడా వచ్చింది. దానయ్య విసిరాడు. అవతల నేను దిగీదిగకముందే చేప వచ్చింది. అంత నోరు నేనెన్నడూ చూడలేదు. నన్ను పీల్చుకుని ఆగింది. ఉన్న బలమంతా పెట్టి చెప్పాను. సరిగ్గా అప్పుడే కెరటం తోస్తే పోలమ్మ తూలి, అతని వేలికి ముందున్న దారాన్ని పట్టుకుంది.

"మావా, లాగు."

"ఏటి లాగేది? అది కెరటం."

"కెరటం కాదు. ఏదో పీలుస్తన్నాది."

"నా యేలికి తెలీనిది నీకు తెలిసిపోనాదా? ఊరుకోవే."

చేప ఉమ్మేసింది. పోలమ్మ చేతిలో దారం వదులైంది. ఆమె అతని వేలి వంక చూసింది. దారం కోసుకుపోయి, నెత్తురు ముంజేతి దాకా కారుతోంది. అతను కెరటాల వైపే చూస్తున్నాడు.

"మావా, ఓపాలి ఒడ్డుకేసి తిరుగు. నాను దారం లాగుతాను, తెలిస్తే సెప్పు."

తిరిగాడు. ఆమె లాగింది.

"లాగు మరి" అన్నాడు.

"లాగినాను."

"గట్టిగా లాగవే. కూడు తిన్నేదా?"

మళ్లీ లాగింది. ఇంకా లాగలేదేమని అతనే తిరిగి చూశాడు. నెత్తురు చూశాడు. తన వేలిని ఇంకెవరిదో అన్నట్టు రెండో చేత్తో తడిమాడు.

"అయితే ఇన్నాళ్లూ వొచ్చినాయన్నమాట" అన్నాడు.

"పోనీలే మావా. దారం నానట్టుకుంటాను. నువ్వు ఇసురు. నాను సెప్పినప్పుడు లాగు."

ఒక్క క్షణం అతని ముఖంలో వెలుగు కదిలింది. అంతలోనే ఆరిపోయింది.

"దానయ్య పెళ్లాం యేలు అరువుకి తెచ్చుకున్నాడంటారు. పద ఇంటికి."

దారిలో వల బాగుచేసుకుంటున్న తాతారావు తలెత్తాడు. "ఏటి మామా, ఏటైనా తగిలిందా?"

నిజం చెబితే సముద్రం బతికేది. దానయ్య పోయేవాడు.

"సంద్రం సచ్చిపోనాదిరా. ఇంకెవుడూ రాకండి."

పోలమ్మ నోరు తెరిచింది. మొగుడి ముఖం చూసి మూసుకుంది. తాతారావు మర్నాడే తన దారంతో కోళ్లగూటి తడిక బిగించుకున్నాడు. ఆ ఒడ్డున గాలం వేసేవాడు లేకుండా పోయాడు.

ఇప్పుడు నేను చెరువు గట్టు మీద, కాపలా పాక గుంజకు గుచ్చి ఉన్నాను. నాకు మాత్రల సంచి తగిలించారు. దానయ్య పగలంతా నీళ్లకు వీపు పెట్టి కూర్చుంటాడు. డాక్టర్లు వేలు తీసేశారు. దానికి అతను పెద్దగా బాధపడలేదు. మాత్రలు మాత్రం ఇప్పుడు వేళ తప్పడు.

దారం మూర ముక్క ఇంకా నాకే ఉంది. మాత్రలు తీసేటప్పుడు ఒక్కోసారి పోలమ్మ దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నిలబడిపోతుంది. ఆమె వేళ్లు బాగా వింటాయి. అవతల చేప ఉంటే చెప్పేవాణ్ని. గుంజకున్న ముల్లు ఏమని చెబుతుంది? లోపల నుంచి దానయ్య దగ్గుతాడు. ఆమె దారం వదిలేస్తుంది.