సమాధిరాయికి పది రోజులు

చెరిపేశానని ఆమెకు చెప్పింది నేనే. ఆ మాట ఇంకెవరి మీదికీ తోసెయ్యడానికి లేదు.

వెల్లింగ్టన్‌లో మా ఆఫీసు. పిల్లల ఆటల క్లబ్బులు తల్లిదండ్రులకు కబుర్లు పంపుకునే యాప్ మాది. అందులోని పేర్లూ ఫోన్ నంబర్లూ దాచే సర్వర్లు పదహారేళ్ళుగా నా చేతిలోనే ఉన్నాయి. ఫోన్లెత్తడం నా పని కాదు. ఆ మంగళవారం ఫోన్లెత్తే అమ్మాయి జ్వరమని రాలేదు. మోగీ మోగీ చెవులు చిల్లులు పడుతుంటే విసుగొచ్చి నేనే ఎత్తాను.

"అక్కా, ఒక పేరు తీసెయ్యాలి. నా పేరు సెఫీనా. మా పాప మలియాని ఇక్కడ నెట్‌బాల్‌లో చేర్పించాను. చేర్పిస్తే పాత ఊరి క్లబ్బులో ఇచ్చిన వివరాలన్నీ వాటంతటవే వచ్చేశాయి. అందులో వాళ్ళ నాన్న నంబరు కూడా ఉంది. మేం ఈ ఊళ్ళో ఉన్నట్టు ఆయనకి తెలీదు. తెలియకూడదు."

ఎందుకని నేను అడగలేదు. ఆ గొంతు వింటే అడగాలనిపించదు. వాళ్ళ నాన్న పేరు వెతికి, తీసేశాను.

"పోయిందా?"

"పోయిందమ్మా."

"నిజంగా పోయిందా? పాపని ఆడనివ్వనా మరి?"

"ఆడనివ్వు తల్లీ. ఇక ఆ నంబరుకి ఒక్క కబురు కూడా పోదు."

అంత ధీమాగా చెప్పాను. నా నోరు పడిపోను!

మా దగ్గర చెరపడమంటే ఏమిటో చెబుతాను. ప్రతి పేరుకీ మూడు నకళ్ళుంటాయి, ఒకటి వెల్లింగ్టన్‌లో, ఒకటి ఆక్లండ్‌లో, ఒకటి క్రైస్ట్‌చర్చ్‌లో. పేరు తీసెయ్యమంటే సర్వర్ వెంటనే తీసెయ్యదు. 'ఈ పేరు చచ్చింది' అని దాని పక్కన ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తును మేము సమాధిరాయి అంటాము. మూడు చోట్లకీ చావు కబురు అందాలి కదా, అందుకని ఆ రాయి పది రోజులు ఉంటుంది. ఆ తరువాత ఊడ్పు అనే ప్రోగ్రాం నడిచి పేరునూ రాయినీ కలిపి ఊడ్చేస్తుంది. పది రోజులకు మించి ఒక సర్వర్ పడుకుందనుకోండి, దానికి చావు కబురు అందదు. అది లేచి "ఈ పేరు బతికే ఉంది" అంటుంది. మిగతా రెండింటి దగ్గరా పేరూ లేదు, రాయీ లేదు. తమ దగ్గరే ఏదో తప్పిపోయిందనుకొని, చచ్చిన పేరును బుద్ధిగా మళ్ళీ రాసుకుంటాయి.

సెఫీనా ఫోన్ చేసిన ముందురోజే క్రైస్ట్‌చర్చ్ సర్వర్‌ను ఆపాము. ఆ భవనానికి భూకంపాలకు తట్టుకునేలా ఇనుప దూలాలు బిగిస్తున్నారు. వారమే అన్నారు. రెండు వారాలు పట్టింది.

పద్నాలుగో రోజు మా మేనేజరు లాక్లన్ నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"కరెంటు వచ్చిందట. కలిపెయ్ నైరీ."

"పద్నాలుగు రోజులైంది నాయనా. పది దాటితే అలా కలపకూడదు. దాన్ని మొత్తం తుడిచి, మిగతా రెండింటి నుంచీ కొత్తగా నకలు దించుకోవాలి. వారం రోజులు పడుతుంది."

"వారం రోజులా! శనివారం నుంచి సీజన్. క్లబ్బులన్నీ ఒకేసారి మీద పడతాయి. రెండు సర్వర్లతో ఎలా లాగుతావ్?"

"చచ్చిన పేర్లు లేచొస్తాయి."

"ఎన్ని లేస్తాయేంటి? ఎవరో మానేసిన కోచ్ నంబరు లేస్తుంది. మళ్ళీ తీసేస్తే పోలా? నీది మరీ చాదస్తం మేడమ్."

నేను గట్టిగా కాదనాల్సింది. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు అతనితో పోట్లాడాను. మూడోసారికి ఓపిక లేక నోట్లో నాలుక లేనిదానిలా ఊరుకున్నాను. సెఫీనా గుర్తుకు రాలేదు. ఒట్టు, రాలేదు. సర్వర్‌ను కలిపేశాను.

శుక్రవారం సాయంత్రం క్లబ్బు కబురు పంపింది. వాన వల్ల రేపటి ఆట కిల్‌బర్నీలో కాదు, టావాలో, ఉదయం తొమ్మిదింటికి. మలియా పేరు కింద ఉన్న ఇద్దరికీ, తల్లికీ, లేచొచ్చిన తండ్రి నంబరుకీ, పోయింది.

పాప తండ్రి నేపియర్ నుంచి నాలుగు గంటలు బండి తోలుకొని వచ్చాడు. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. కోర్టు గీత పక్కన నిలబడి, కూతురి పేరు పెట్టి పిలుస్తూ చప్పట్లు కొట్టాడంతే. తొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో బంతి వదిలేసి, నిలబడ్డచోటే బట్టలు తడుపుకుంది. సోమవారం క్లబ్బు పంపిన ఫిర్యాదులో ఇదంతా ఉంది.

ఆ మధ్యాహ్నమే సమావేశం పెట్టారు. మా రంగంలో ఒక ఆచారం ఉంది. కొంప మునిగాక అందరం బల్ల చుట్టూ కూర్చొని ఏం జరిగిందో రాస్తాము, ఎవరి పేరూ రాయము. తప్పు మనిషిది కాదు, పద్ధతిది. భయపడితే మనుషులు నిజం దాస్తారని పెట్టుకున్న ఆచారమది, మంచిదే. ఆ రోజు మాత్రం నాకది నచ్చలేదు. బల్ల మీద చీజ్ స్కోన్లు, బన్నుల్లాంటివి, కూడా పెట్టారు.

"ఎవరినీ వేలెత్తి చూపొద్దు," అన్నాడు లాక్లన్.

"నన్నే చూపించుకుంటాను. కలపకూడదని తెలిసీ కలిపాను. రాయండి."

"నిన్ను నువ్వు కూడా చూపించుకోవద్దు నైరీ. అలా చేసుకోవడం మంచిది కాదు."

"మరి కలపమన్న నీ పేరైనా రాయించు."

ఒకడు స్కోనుకు వెన్న రాసుకున్నాడు. చివరికి 'ఒక వినియోగదారుకు అసౌకర్యం కలిగింది' అని రాశారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, మా బల్ల దగ్గర ఆ పిడికెడు కూడా ఎవరికీ అంటలేదు. సెఫీనాకు 'సాంకేతిక లోపం' అని ఉత్తరం పంపి చేతులు దులుపుకున్నారు.

నాకు మనసొప్పలేదు. మరునాడు కారులో కూర్చొని ఆమెకు ఫోన్ చేశాను. వెనక అట్టపెట్టెలకు టేపు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, ఆ రోజు పేరు తీసింది నేనే. అది యంత్రం తప్పు కాదు, నాది. తెలిసీ..."

"పోయిందని చెప్పావు కదక్కా."

"చెప్పాను. మా దగ్గర చెరపడమంటే వెంటనే పోవడం కాదమ్మా, ఒక గుర్తు..."

"నాకా యంత్రాల గోల చెప్పకు. నేను యంత్రాన్ని అడిగానా? నిన్ను అడిగాను. నువ్వు పోయిందన్నాకే పాపకి బూట్లు కొన్నాను."

అవతల పాప ఏదో అడిగింది. ఆ పెట్టె కాదు, ఇంకోటి తీసుకురమ్మంది సెఫీనా.

"ఇల్లు ఖాళీ చేస్తున్నావా తల్లీ? ఎక్కడికి పోతున్నారు?" అన్నాను.

"ఎందుకూ, రాసి పెట్టుకోవడానికా?" అని ఫోన్ పెట్టేసింది.