వదిన ఊదించిన లెక్క

నాలుగేళ్లు కష్టపడి నేను తయారుచేసిన ఉబ్బసం మందు బతకాలంటే ఒకటే షరతు. దాన్ని పీల్చినవాళ్లు మందు లేని ఉత్త పొడి పీల్చినవాళ్లకంటే గట్టిగా ఊదాలి. లేకపోతే దుకాణం కట్టేయడమే.

ఎవరికి మందో, ఎవరికి పొడో మాకెవరికీ తెలియకుండా ఆ జాబితాకి సీలు వేశారు. అరవై మంది ఉబ్బసం రోగులు పీల్చకముందోసారి, పీల్చాక ఓసారి మెషీను గొట్టంలో ఊదారు. అందరికీ ఊదిన గాలి పెరిగింది, ఒకరికి పావు లీటరు, ఇంకొకరికి లీటరు. ఆ "అందరికీ" దగ్గర ఒక్క క్షణం ఆగకుండా నేను ఎగిరి గంతేశాను. సీలు విప్పితే పొడి కూడా నా మందంత గొప్పగా పనిచేసింది. మా లాబు డైరెక్టరు ఫైలు మూసేశాడు.

ఊదించే పని మా అన్న భార్యది. ఆ లాబులో నాకంటే పదేళ్ల ముందు చేరింది. ఉత్త పొడికి ఊపిరి పెరగడమేంటని అనుమానం వచ్చి ఆవిడ గదికెళ్లి, పేషెంటు కుర్చీలో కూర్చున్నాను.

"నన్ను ఊదించు వదినా. ఇంకా మందు పీల్చలేదనుకో."

"మెల్లగా ఊదండి బాబూ. కష్టమైతే ఆపేయండి" అంది వెన్నలాంటి గొంతుతో.

"ఇప్పుడు పీల్చాను."

వదిన కొంగు బిగించి లేచింది. "ఊదండి! ఇంకా! ఇంకా! ఆ మిగిలింది ఎవరికోసం దాస్తున్నారు?"

నాకు కళ్లు బైర్లు కమ్మాయి. ఏ మందూ లేకుండానే నా ఊపిరి కూడా పెరిగింది.

"మొదట ఎందుకు అరవలేదు?"

"ఆయాసపడుతూ వచ్చినవాళ్ల మీద అరుస్తానా? పీల్చాక మాత్రం నీ మందు గెలవాలి కదా, అబ్బాయ్! ఎవరు ఏది పీల్చారో చెప్పి చావరు. అందుకే అందరి మీదా అరిచా."

మెల్లగా ఊదినప్పుడు ఒక్కొక్కరు ఒక్కోలా దాచుకున్న ఊపిరి అరుపుకి బయటపడి, నా మందు చేసిందేమైనా ఉంటే అది ఆ హెచ్చుతగ్గుల్లో మునిగిపోయింది. నా కొంప ముంచింది కూడా ప్రేమతోనే.

డైరెక్టరు కాళ్లావేళ్లా పడి మళ్లీ పరీక్ష పెట్టించాను. ఈసారి ముందూ వెనకా ఒకే అరుపు.

"నీ మందు ఓడిపోతే?" అని వదిన ముక్కు చీదింది.

"ఓడిపోనీ" అన్నాను.

మూడు వారాలు అందరి మీదా రెండుసార్లూ అరిచి వదిన గొంతు పోగొట్టుకుంది. ఫలితం వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి, చేత్తోనే ఎంతని అడిగింది.

"పొడికి ఏమీ లేదు. మందుకి పావు లీటరు."

దగ్గరికొచ్చి, వినీ వినపడని గొంతుతో అడిగింది. "ఆ పావులో నా అరుపు ఎంత?"

"చుక్క కూడా లేదు వదినా."

అప్పుడు కుర్చీలో కూలబడి, చప్పుడు లేకుండా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.