ఆపినా వెలిగే నక్షత్రం

అది డిసెంబరు. వత్సవాయిలో దేవమణి ఇంటి ముందు వెదురు కర్రకు కట్టిన క్రిస్మస్ నక్షత్రం, స్విచ్ ఆపినా తెల్లవారుజామున మంచులో లేతగా వెలుగుతూనే ఉండేది. ఎండెక్కితే మాయమయ్యేది. దాని కిందే ఆమె ప్రార్థన చేసుకునేది.

కూతురు పరిమళ జగ్గయ్యపేట నుంచి టెస్టర్ తెచ్చి చూసింది.

“నాన్న స్విచ్చిని కరెంటొచ్చే ఫేజు తీగకి కాకుండా, తిరిగెళ్లే న్యూట్రల్‌కి పెట్టాడమ్మా. ఆపినా వోల్టేజీ బల్బు దాకా వచ్చి కూర్చుంటోంది. మంచుకి వైరు పాకిన గోడ తడిస్తే రెసిస్టెన్స్ తగ్గి, రవ్వంత కరెంటు బల్బులోంచి నేలలోకి పారుతోంది. ముట్టుకుంటే షాకే!”

“నీ చదువు తగలెయ్య! సరిచెయ్యి మరి,” అంది దేవమణి.

మర్నాడు తెల్లవారుజామున నక్షత్రం చీకటిగా ఉంది. దేవమణి కాసేపు దానికేసి చూసి, లోపలికెళ్లి స్విచ్ వేసొచ్చింది. అంత వెలుగులో ప్రార్థన కుదరలేదు.