అది మీ నాన్న గొంతు కాదు

రాళ్ళ షెడ్డులో పాలిష్ మిషన్లన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి. ఆమె మేస్త్రీ ఎదురుగా నిలబడి, గొంతు పెగల్చకుండా పెదాలు మాత్రం కదిపింది.

"మధ్యాహ్నం నించి సెలవు కావాలి."

ఆ మోతలో అరిచినా లాభం లేదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళంతా ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకుంటారు. తిట్లయినా కబుర్లయినా అంతే. చేరిన కొన్నాళ్ళకే అలవాటైపోతుంది. ఇంటికి పోయాక కూడా మొహం చూడనిదే మాట తోచదు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఒక మిషన్ దగ్గరా, మొగుడు ఇంకో మిషన్ దగ్గరా నిలబడి రోజంతా చెప్పుకున్న ఊసులు పక్కనున్న రాయికి కూడా వినపడలేదు.

"సినిమాకా?" మేస్త్రీ పెదాలు వెటకారంగా సాగాయి. "మొగుడు హీరో అయ్యాడుగా మరి! పో. సగం కూలి కట్."

ఆమె తలూపి, తడిగుడ్డతో కనుబొమ్మల మీది తెల్లపొడి తుడుచుకుంది.

మొగుడు పోయి రెండేళ్ళు. రాతిపొడి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు గట్టిపడి పోయాడు. పోయే ముందు ఎవరో వచ్చి, షెడ్డులో అతని మీద డాక్యుమెంటరీ తీసుకెళ్ళారు. దాన్ని ఇవాళ కళాభవనంలో వేస్తున్నారు. టికెట్ లేదు. ఆమెకి సినిమా గోల పట్టలేదు. ఆమె ఆశ ఒక్కటే. ఇంట్లో అతని ఫొటోలున్నాయి గానీ గొంతు ఎక్కడా లేదు. ఐదేళ్ళ కూతురు పడుకోబోయే ముందు అడుగుతూ ఉంటుంది, "నాన్న ఎలా మాట్లాడేవాడే?" అని. ఆమె మొగగొంతు పెట్టి చూపిస్తే పిల్ల పకపకా నవ్వేస్తుంది. "ఇవాళ నువ్వే వింటావులే," అని పొద్దున్నే మాటిచ్చి వచ్చింది.

కళాభవనం చల్లగా ఉంది. ఎర్రటి మెత్తటి కుర్చీలు. వెనక వరసలో ఆమె, ఒళ్ళో పిల్ల, పక్కన బక్కోడు. మొగుడితో కలిసి ఒకే మిషన్ మీద పనిచేసినవాడు.

"కూచుంటే లోపలికి లాగేస్తోంది వదినా. మళ్ళీ లేవనిస్తుందంటావా?"

"మూసుకుని కూచో. డబ్బులడగట్లేదుగా."

ముందు వరసలో షెడ్డు యజమాని ఉన్నాడు. ఈ కుర్చీలు కొనిచ్చింది ఆయనే, షెడ్డులో షూటింగుకి పెద్దమనసుతో ఒప్పుకున్నదీ ఆయనే అని మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ బక్కోడూ కొట్టాడు.

లైట్లు ఆరాయి. తెర మీద అతను. గోడంత మొహం, కనుబొమ్మల నిండా పొడి. నోరు తెరిచాడు. ఆమె పిల్లని గట్టిగా పట్టుకుంది.

"రాయే ఇతని శ్వాస. రాయితోనే ఇతని సంభాషణ," అంది ఒక గొంతు. నిండైన, బాగా చదువుకున్న గొంతు. వెనకాల సన్నగా సంగీతం.

పిల్ల ఒళ్ళో నిటారుగా లేచింది. "అమ్మా! నాన్న గొంతు ఎంత బావుందే!"

ఆమె అటూ ఇటూ చూసింది. నడవలో బ్యాడ్జీ పెట్టుకుని నిలబడ్డ అమ్మాయిని కొంగు చాటు నించే పిలిచింది. "మేడమ్, ఆయన మాట్లాడేది ఎప్పుడొస్తుంది?"

"ఇదేనండీ. మిషన్ల మోతలో ఆయన మాట ఏమీ వినపడలేదు. అందుకని మంచి ఆర్టిస్టుతో చెప్పించాం. కొంచెం సైలెంటుగా ఉండండి, అందరికీ డిస్టర్బెన్స్."

వినపడలేదట. ఆ షెడ్డులో ఎవరి మాట ఎవరికి వినపడింది గనక! కానీ పెదాలు గోడంత ఎత్తున కదులుతున్నాయి. ఆమె చూసింది. బక్కోడూ చూశాడు.

"ఏంటి బాబూ, నా మొహానికి ఇంత లైటా?" అంటున్నాడు అతను నవ్వుతూ. "ఈ లైటేదో మిషన్ దగ్గర పెట్టించుంటే మా బక్కోడి వేళ్ళు మిగిలేవిగా."

బక్కోడు మొండివేళ్ళ చెయ్యి చంకలో దాచుకున్నాడు.

"ఈ శ్రమలో ఒక లయ ఉంది," అంది గొంతు.

"దుమ్ము లాగే ఫ్యాను పీక్కుపోయి కొత్త షెడ్డులో పెట్టుకున్నారు. అడిగితే మూతికి గుడ్డ కట్టుకోమన్నారు. రాసుకోండి ఇది," అంటున్నాడు అతను.

"ఇతనికి ఎవరి మీదా ఫిర్యాదు లేదు," అంది గొంతు.

"ఫిర్యాదంటే ఏంటే? నాన్న ఏం చెప్తున్నాడు?" పిల్ల ఆమె గడ్డం పట్టుకుని అడిగింది.

ఆమె ముందు వరసవైపు చూసింది. తెర వెలుగులో యజమాని బట్టతల మెరుస్తోంది. రేపు పొద్దున మళ్ళీ ఆ గేటు ముందే నిలబడాలి. మిగతా షెడ్లలో ఆడవాళ్ళని పెట్టుకోరు. 'ఊరుకో వదినా,' అన్నాయి బక్కోడి పెదాలు, చప్పుడు లేకుండా.

"అది మీ నాన్న గొంతు కాదమ్మా," అంది ఆమె. "ఎవరో అద్దె మనిషి. మీ నాన్న ఏమంటున్నాడో నేను చెప్తా విను."

మొదట పిల్ల చెవిలోనే చెప్పింది. ఫ్యాను మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతటదే పెరిగింది. ఎవరో "ష్" అన్నారు. తలలు వెనక్కి తిరిగాయి. ముందు వరసలో ఆ బట్టతల కూడా తిరిగింది.

తెర మీద అతను గుండె పట్టుకున్నాడు. నవ్వు పోయింది.

"కాసేపు మిషన్ ఆపండి బాబూ, గాలాడట్లేదు," అంది ఆమె, హాలంతా వినపడేలా. "మీ కెమెరా కోసమని సెలవునాడు తిప్పారు. ఇక ఆపండి."

బ్యాడ్జీ అమ్మాయి పరుగున వచ్చింది. "ప్లీజమ్మా, బయటికెళ్ళి మాట్లాడుకోండి."

బక్కోడు లేచి, పిల్లని అందుకోబోయాడు. "పద వదినా. రేపటి సంగతి చూసుకోవాలిగా."

"నువ్వు పో. ఆయన మాట ఇంకా అవలేదు."

తెర మీద పెదాలు మళ్ళీ కదిలాయి. ఆ నిండైన గొంతు హాలంతా పరుచుకుని ఇంకేదో చెబుతూనే ఉంది. పిల్ల రెండు చెవులూ గట్టిగా మూసుకుని, తల్లి పెదాలవైపు చూస్తోంది.